పాట పట్టుకుని కిల్లా దాకా

ఐర్లండ్ నుంచి తిరిగొచ్చి నాలుగు రోజులైంది. సూట్‌కేసు ఇంకా హాల్లోనే నోరు తెరుచుకుని ఉంది. ఇప్పటిదాకా అందులోంచి బయటికొచ్చినవి రెండే: ఒక బారీస్ టీ ప్యాకెట్టు, 14 యూరోలు పెట్టి కొన్న టిన్ విజిల్ అనే రేకు పిల్లనగ్రోవి. టీ సగం అయిపోయింది. విజిల్ గురించి పక్క ఫ్లాట్ వాళ్ళు ఇంకా ఏమీ అనలేదు, మర్యాదస్తులు. ఆఫీసు పనిలో పడితే చూసిన మొహాలన్నీ చెరిగిపోతాయని ఇవాళ పట్టుబట్టి రాయడానికి కూర్చున్నాను.

ఇదంతా ఒక వాట్సాప్ మెసేజ్‌తో మొదలైంది. మా పిన్ని కొడుకు డబ్లిన్‌లో ఉద్యోగం చేస్తాడు. మొన్న జూలైలో ఒక పాట లింకు పంపి, "అక్కా, ఇక్కడ బస్సులో, పబ్బులో, పెళ్ళిలో ఎక్కడ చూసినా ఇదే. ఒక్కసారి విను" అన్నాడు. బ్యాండు పేరు కింగ్‌ఫిషర్. ఆ పేరు వింటే మనవాళ్ళకి సీసా గుర్తొస్తుంది. వీళ్ళు స్పెల్లింగులో చివరి 'ఆర్' ముందున్న 'ఇ'ని ఎగరగొట్టి ఆ పేరుని తమది చేసుకున్నారు. ముగ్గురు కుర్రాళ్ళు, బాంజో, గిటారు, గనిలోంచి వస్తున్నట్టుండే ఒక గొంతు. పాట పేరు 'కిల్లా'. అది కార్క్ కౌంటీలో ఒక చిన్న ఊరు. ఆ ఊరి హర్లింగ్ జట్టు మీద, అంటే కర్రతో బంతిని కొట్టే ఐరిష్ ఆట జట్టు మీద కట్టిన పాట. 2025లో ఐర్లండ్ సింగిల్స్ చార్టులో మొదటి స్థానానికి వెళ్ళింది. ఎక్కడో గుంటూరు జిల్లాలో ఒక ఊరి కబడ్డీ జట్టు మీద రాసిన పాట రెండు రాష్ట్రాల్లో బరాతులన్నిట్లో మోగినట్టు ఊహించుకోండి.

వాళ్ళ గురించి చదువుతుంటే ఒక సంగతి దగ్గర ఆగిపోయాను. ముగ్గురూ లిమరిక్ యూనివర్సిటీలో ఇంజినీరింగ్ చదువుతూ కలిశారట. నేను విజయవాడ సత్యనారాయణపురంలో ఆరేళ్ళు వయొలిన్ నేర్చుకున్నాను. ఇంటర్లో చేరగానే వయొలిన్ అటకెక్కింది. ఎంసెట్ ర్యాంకు వచ్చింది, ఇంజినీరింగ్ అయింది, ఉద్యోగం వచ్చింది. వయొలిన్ మాత్రం దిగలేదు. ఇంజినీరింగ్ దారిలోంచి పాటలోకి దూకినవాళ్ళని చూస్తే నాకు కాస్త కుళ్ళు. ఆగస్టు చివర్లో సెలవు దొరికింది. మా వాడికి ఫోన్ చేసి "వస్తున్నాను, కొండలూ కోటలూ వద్దు, పాటలున్న చోటికి దారి చెప్పు" అన్నాను.

మొదటి రోజు, డబ్లిన్

మధ్యాహ్నం మా మరదలు పప్పుచారు, వంకాయ వేపుడు పెట్టింది. ఇంత దూరం వచ్చి మళ్ళీ ఇదేనా అనుకుంటూనే మూడుసార్లు వడ్డించుకున్నాను. సాయంత్రం నేనూ తమ్ముడూ బస్సెక్కి స్మిత్‌ఫీల్డ్ వెళ్ళాం. లీప్ కార్డు ఆనిస్తే 2 యూరోలు, తొంభై నిమిషాల్లో ఎన్ని బస్సులైనా మారొచ్చు. దిగేటప్పుడు ప్రతి ఒక్కరూ డ్రైవరుకి థాంక్స్ చెప్పి దిగుతున్నారు. స్కూలు పిల్లలు కూడా. మన దగ్గర ఇలా చెబితే డ్రైవరు 'ఏం పోగొట్టుకున్నావమ్మా' అని అడుగుతాడు.

కాబుల్‌స్టోన్ అనే పబ్బు బయటినుంచి చూస్తే పెద్దగా ఏమీ ఉండదు. తనని తాను 'సంగీతం జబ్బు పట్టిన తాగుడు దుకాణం' అన్న అర్థంలో చెప్పుకుంటుంది. 2021లో దీని చుట్టూ హోటల్ కడతామని ఒక ప్లాన్ వస్తే జనం వాయిస్తూ పాడుతూ ఊరేగింపు తీశారు. సిటీ కౌన్సిల్ అనుమతి ఇవ్వలేదు. లోపల కిటికీ పక్కన వాయించేవాళ్ళకి ఒక మూల, వాళ్ళ మధ్య ఒక బల్ల. మైకు లేదు, స్టేజి లేదు. ఫిడేలు రెండు, ఫ్లూటు ఒకటి, రెండు చేతుల మధ్య సాగదీసి వాయించే చిన్న పెట్టె కాన్సర్టీనా ఒకటి, మోచేతి కింద తిత్తి నొక్కుతూ వాయించే ఇలిన్ పైప్స్ ఒకటి. దాన్ని సెషన్ అంటారు. వాళ్ళు మనకోసం వాయించరు, ఒకరికోసం ఒకరు వాయించుకుంటారు. మనం పక్కన కూర్చుంటే అభ్యంతరం లేదు, అంతే.

నేను మందు తాగను. భయంభయంగా టీ ఉందా అని అడిగాను. బార్‌లో కుర్రాడు కళ్ళెగరెయ్యకుండా ఒక స్టీలు కెటిల్ నిండా టీ, పాలు, ఒక బిస్కెట్టు తెచ్చిపెట్టాడు. 3 యూరోలు. తమ్ముడి గిన్నిస్ బీరు అంతకి రెట్టింపు దాటింది. "టూరిస్టులుండే టెంపుల్ బార్ వైపు వెళ్ళుంటే ఇది పది పైనే అక్కా" అని తనని తాను ఓదార్చుకున్నాడు.

బాణీలు ఒక్కోటి చిన్నవి. ఎనిమిది ఆవర్తాల ముక్క రెండుసార్లు, ఇంకో ఎనిమిది రెండుసార్లు, మళ్ళీ మొదటికి. రెండు మూడు చుట్లు తిప్పి, ఎవరో కనుబొమ్మ ఎగరేస్తారు. ఆగకుండా ఇంకో బాణీలోకి దూకుతారు. అలా మూడు కలిపితే ఒక సెట్టు. రీల్ అనే రకం బాణీ అయితే మన చతురశ్రం, నాలుగు లెక్క. జిగ్ అనే రకం అయితే తిశ్రం, మూడు లెక్క. నాకు తెలియకుండానే నా చెయ్యి తొడ మీద తాళం వెయ్యడం మొదలుపెట్టింది. పక్కనున్న పెద్దావిడ చాలాసేపు చూసి చివరికి అడిగింది, "ఏమిటి లెక్కపెడుతున్నావు, అప్పులా?" అని.

విరామంలో ఫ్లూటు ఆయన్ని 'కిల్లా' పాట గురించి కదిపాను. మంచి పిల్లలేగానీ అది ట్రాడ్ కాదన్నాడు. ట్రాడ్ అంటే నాట్యానికి వాయించే బాణీలు, ఏ వాయిద్యం లేకుండా ఐరిష్ భాషలో పాడే షాన్‌నోస్ పాట. మిగిలినదంతా 'గిటారు పట్టుకున్నవాడి గోడు' అన్నాడు. అక్కడే ఒళ్ళో బజూకీ అనే తీగల వాయిద్యం పెట్టుకుని కూర్చున్న అమ్మాయి ఊరుకోలేదు. "ఈ బజూకీ గ్రీసు నుంచి 1960ల్లో వచ్చింది, జానీ మొయినహన్ తెచ్చాడు. మీరు ముప్పై ఏళ్ళుగా దీని పక్కన కూర్చుని వాయిస్తున్నారు. బాంజో అమెరికా నుంచి వచ్చింది. అవి ట్రాడ్ ఎప్పుడయ్యాయి?" ఆయన గ్లాసు వంక చూసి, "అలవాటైనప్పుడు" అన్నాడు. ఇద్దరూ నవ్వుకుని మళ్ళీ వాయిద్యాలు ఎత్తారు. నాకు మన వయొలిన్ గుర్తొచ్చింది. రెండు వందల ఏళ్ళ కిందట కర్ణాటక సంగీత విద్వాంసుడు బాలుస్వామి దీక్షితులు మద్రాసు దగ్గర తెల్లవాళ్ళ పద్ధతిలో ఆ వాయిద్యం నేర్చుకున్నప్పుడు మన ఫ్లూటు ఆయనలాంటివాళ్ళు ఏమన్నారో.

రెండో రోజు, లిమరిక్

పొద్దున రైలు దిగేసరికి సన్నగా తుంపర. ఈ దేశంలో వాన పడుతోందని ఎవరూ అనరు. 'మెత్తటి రోజు' అంటారు. బ్యాగు హాస్టల్లో పడేసి యూనివర్సిటీ బస్సెక్కాను. ముగ్గురు ఇంజినీరింగ్ పిల్లలు క్లాసు ఎగ్గొట్టి ఎక్కడ కూర్చుని పాడుకున్నారో చూద్దామని నా కోరిక. సెలవుల వల్ల క్యాంపస్ ఖాళీ. ఇంజినీరింగ్ భవనం ఎక్కడున్నా ఇంజినీరింగ్ భవనంలాగే ఉంటుందని అర్థమైంది.

షానన్ నది మీద లివింగ్ బ్రిడ్జి అని ఒక కాలినడక వంతెన ఉంది. 350 మీటర్లు, అలలాగా వంకర తిరుగుతూ చెట్ల మధ్యలోంచి పోతుంది. నడుస్తుంటే కాళ్ళ కింద కొంచెం ఊగుతుంది. అవతలి గట్టున వరల్డ్ అకాడమీ అని సంగీతం, నాట్యం నేర్పే విభాగం. గేటు దగ్గర ఉన్న సెక్యూరిటీ ఆయన్ని "లిమరిక్‌లో సెషన్లు ఎక్కడ బాగుంటాయి?" అని అడిగితే, "ముందు నువ్వు లిమరిక్‌లో లేవు" అన్నాడు. నది దాటగానే క్లేర్ కౌంటీ అట. నడుచుకుంటూ జిల్లా దాటేశాను. ఆ మాట ఆయన చెప్పిన తీరు చూస్తే దేశం సరిహద్దు దాటినంత తప్పు చేశాననిపించింది. క్లేర్ ఆయన మరి. ఫిడేలుకి క్లేర్‌ని మించింది లేదని పావుగంట చెప్పి, చివరికి లిమరిక్‌లో డోలన్స్ అనే పబ్బుకి వెళ్ళమన్నాడు.

ఆ మధ్యాహ్నం చేసిన ఒకే తప్పు కరీ చిప్స్. పేరు చూసి ఆశపడ్డాను. బంగాళాదుంప ముక్కల మీద పసుపుపచ్చగా, తియ్యగా, జిగురుగా ఒక ద్రవం. 6 యూరోలు. ఇక్కడి కుర్రాళ్ళు అర్ధరాత్రి దాటాక అమృతంలా తింటారట. అర్ధరాత్రి దాటాక అయితే ఏమో.

డోలన్స్ డాక్ రోడ్డు మీద ఉంది. ముందు గదిలో సెషన్, వెనక పెద్ద హాలు. నేను వెళ్ళేసరికి ముందు గదిలో పెద్దవాళ్ళ సెషన్ ఒక విడత అయింది, ఆ మూలలోనే నలుగురు పిల్లలు సర్దుకుంటున్నారు. ఇరవై రెండేళ్ళు దాటి ఉండవు. ఫిడేలు అమ్మాయి, బాంజో, గిటారు, మేకతోలు డప్పు బోరాన్. బ్యాండుకి ఇంకా పేరు పెట్టలేదట. పెట్టిన పేర్లన్నీ ఎవరో వాడేశారట.

వాళ్ళు పాడిన ఒక పాట గురించి చెప్పాలి. ఫిడేలు అమ్మాయి ఒక పాత రీల్‌ని బాగా నిదానంగా, సగం వేగంలో మొదలుపెట్టింది. రెండు తీగల మీద కమాను ఒకేసారి ఆనించి, కింది తీగ తంబురాలాగా మోగుతుంటే పై తీగ మీద బాణీ. గిటారు కుర్రాడు కళ్ళు మూసుకుని మాటలు అందుకున్నాడు. డబ్లిన్‌లో గది అద్దె కట్టలేక ఆస్ట్రేలియా వెళ్ళిపోయిన అన్న, వీడియో కాల్‌లో అక్కడ పగలు, ఇక్కడ అమ్మ వంటింట్లో రాత్రి, ఫోన్‌ని చక్కెర డబ్బాకి ఆనించి పెట్టడం. చక్కెర డబ్బా దగ్గర నా గొంతు పట్టేసింది. మా అమ్మ ఫోన్‌ని ఆవకాయ జాడీకి ఆనిస్తుంది. రెండో చరణం దగ్గర ఫిడేలు తన అసలు వేగం అందుకుంది. అంతసేపూ ఏడుపు పాట అనుకున్నది కాళ్ళు ఆడించే రీల్ అయిపోయింది. మాటలు మారలేదు, అదే దుఃఖం, దాని కిందనే నాట్యం. ఈ దేశంలో వెళ్ళిపోయినవాళ్ళ మీద పాటలు కొత్తేం కాదు. ఓడలకి బదులు విమానం వచ్చింది, ఉత్తరానికి బదులు వాట్సాప్.

అన్నీ అంత బాగున్నాయని చెప్పను. రెండు పాటల్లో బాంజో ఉందంటే ఉంది, తీసేసినా తేడా తెలియదు. ప్రతి పాటా చివరికి ఓ.. ఓ.. అని అందరూ కలిసి అరిచే దగ్గరికే చేరడం ఇప్పటి ఫ్యాషన్. కింగ్‌ఫిషర్‌లోనూ నాకు ఆ ఇబ్బంది ఉంది. స్టేడియం కోసం కుట్టిన చొక్కా ముందు గదిలో వదులవుతుంది.

మూడో రోజు, కార్క్

బస్సులో వెనక సీట్లో ఇద్దరు ఆడవాళ్ళు మాట్లాడుకుంటుంటే పాట అనుకున్నాను. కార్క్ యాస అలా పైకి లేచి కిందికి జారుతుంది. ఇంగ్లిష్ మార్కెట్‌లో పైన బాల్కనీలో కూర్చుని బంగాళాదుంప సూపు, గోధుమరంగు సోడా బ్రెడ్డు, వేలు మందాన వెన్న. 8 యూరోలు, ఈ ప్రయాణంలో డబ్బుకి న్యాయం చేసిన భోజనం ఇదే. కింద చేపల దుకాణాల నీచు వాసన, పక్కన చీజు వాసన, రెండూ కలిసి మా వన్‌టౌన్ మార్కెట్‌లాగే ఉంది.

రాత్రి షిన్ ఏ అనే పబ్బు. ఆ మాటకి 'అంతే' అని అర్థం. పక్కనే అంత్యక్రియలు చేసే దుకాణం ఉంది, అందుకా పేరు. కిక్కిరిసి ఉంది, నిలబడే టీ తాగాను. హాస్టల్‌లో పై మంచం ఆయన గురకకి తెల్లవార్లూ నిద్ర లేదు. దాని గురించి ఇంతకంటే రాయను.

నాలుగో రోజు, కిల్లా

టికెట్ తీసుకోవడంలోనే పరువు పోయింది. స్పెల్లింగ్ చూసి "కిల్లీగ్" అన్నాను. డ్రైవరు మళ్ళీ అడిగాడు. "కిల్లియాగ్" అన్నాను. వెనక క్యూ పెరుగుతోంది. ఫోన్ చూపించాను. "ఓ, కిల్లా!" అన్నాడు. చివరి 'జి హెచ్' ఉత్త అలంకారం. "పాట విన్నావు కదా, అందులో ఎలా అన్నారో వినలేదా?" అని అడిగాడు. విన్నాను. విన్నదానికీ రాసినదానికీ సంబంధం ఉంటుందని తెలుగువాళ్ళం మనకో పిచ్చి నమ్మకం.

కార్క్ నుంచి ముప్పై అయిదు కిలోమీటర్లు. మిడిల్టన్, కాసిల్‌మార్టర్, తర్వాత ఇది. ఊరంటే ఒకటే పెద్ద వీధి, ఆ వీధే వాటర్‌ఫర్డ్ వెళ్ళే హైవే. లారీలు ఇళ్ళ గుమ్మాలు రాసుకుంటూ పోతుంటాయి. నాలుగడుగులు పక్కకి వేస్తే మాత్రం గ్లెన్‌బవర్ అడవి, డిసూర్ అనే చిన్న ఏరు, రోడ్డు పక్క ముళ్ళపొదల్లో నల్లగా మిగిలిన బ్లాక్‌బెర్రీలు. ఒకామె పిల్లాడి సాండ్‌విచ్ డబ్బాలోకి కోస్తోంది. నన్ను చూసి "తిను, ఎవరివీ కావు" అంది. వేళ్ళు, నాలుక ఊదారంగు అయ్యేదాకా తిన్నాను. మా చిన్నప్పటి నేరేడు పళ్ళ సీజనే.

ఇళ్ళకి ఇంకా కార్క్ ఎర్రజెండాలు వేలాడుతున్నాయి, వానకి వెలిసిపోయి. 2025 జూలై 20న ఆల్ ఐర్లండ్ హర్లింగ్ ఫైనల్‌లో టిప్పరరీ కౌంటీ చేతిలో ఓడిపోయారు. దుకాణం ఆవిడ దగ్గర నీళ్ళ సీసా కొంటూ ఊరికే జెండాల మాటెత్తాను, అదే నా తప్పు. సగం ఆటకి ఆరు పాయింట్లు ముందున్నారట. రెండో సగం మొత్తానికి కొట్టింది రెండంటే రెండు పాయింట్లు. "2005 నుంచి కప్పు లేదు. మా చిన్నోడు పుట్టాక చూడనే లేదు, వాడికి గడ్డం వచ్చింది" అంది. చిల్లర ఇవ్వడం కూడా మర్చిపోయింది. నేనూ అడగలేదు, సంతాపంలో ఉన్న ఇంట్లో చిల్లర అడుగుతామా?

హర్లింగ్ తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. జట్టుకి పదిహేను మంది, చేతిలో యాష్ చెక్కతో చేసిన బ్యాటు, పేరు హర్లీ. బంతిని స్లిటర్ అంటారు, క్రికెట్ బంతంత ఉంటుంది. దాన్ని గాల్లోనే కొడతారు, బ్యాటు మీద నిలబెట్టుకుని పరిగెత్తుతారు. ఎనభై వేలమంది ముందు ఫైనల్ ఆడినవాడికీ జీతం లేదు. సోమవారం పొద్దున మళ్ళీ స్కూల్లో పాఠం చెప్పుకోవాలి, లేదా పాలు పితకాలి. పుట్టిన ఊరి క్లబ్బుకే ఆడతారు, వేలంపాట లేదు. కింగ్‌ఫిషర్ వాళ్ళకి ఈ ఊరితో చుట్టరికం ఉంది, అందుకే పాట కట్టారు. ఊరి పాటగా కట్టింది దేశం పాట అయింది.

క్లబ్బు మైదానం దగ్గర ఒక పదేళ్ళ పిల్లాడు గోడకేసి బంతి కొడుతున్నాడు. ఠక్, గోడ, ఠక్, గోడ. కూనిరాగం తీస్తున్నాడు, అదే పాట. బంతి తగిలే చోట సరిగ్గా తాళం. గోడ మీద ఒకే చోట సున్నం రాలి గిన్నె అంత గుంట పడింది. "ఈ పాట ఎవరిది?" అని అడిగాను. నావైపు చూడకుండానే "మాది" అన్నాడు. "అది సరే, ఎవరు రాశారు?" ఠక్. "క్లబ్బు." ఠక్. "పాడింది ఎవరు?" కొంచెం ఆలోచించి, "బస్సులో అందరూ" అన్నాడు. బ్యాండు పేరు చెప్పాను. తెలుసన్నట్టు భుజం ఎగరేశాడు, దానికీ దీనికీ ఏం సంబంధం అన్నట్టు. అప్పుడు హర్లీ నా చేతికిచ్చి, కొట్టమన్నాడు. మూడుసార్లు గాలిని కొట్టాను. నాలుగోసారి తగిలి బంతి పొదల్లో పడింది. ఇద్దరం పావుగంట వెతికాం. అరచెయ్యి సాయంత్రం దాకా జివ్వుమంటూనే ఉంది.

డబ్లిన్ ఫ్లూటు ఆయన ఇక్కడుంటే బాగుండుననిపించింది. 'అలవాటైనప్పుడు' అన్నాడు కదా. ఈ పిల్లాడికి అలవాటై, రాసినవాళ్ళ పేరు అవసరం లేని దశ కూడా దాటిపోయింది.

తిరుగు బస్సు కోసం స్టాపులో నిలబడ్డాను. బస్సు వచ్చింది, నా ముందునుంచే రయ్యిమని వెళ్ళిపోయింది. చెయ్యి ఎత్తితేనే ఆపుతారట, స్టాపులో నిలబడ్డంత మాత్రాన ఎక్కుతావని వాళ్ళు అనుకోరు. వాన మొదలైంది. ఇంకో గంట దాకా బస్సు లేదు. చూస్తుంటే దుకాణం ఆవిడ గొడుగేసుకుని రోడ్డు దాటి వస్తోంది, చేతిలో మగ్గు. "నీ చిల్లర నా దగ్గరే ఉండిపోయింది. ఇదిగో టీ కూడా" అంది. బారీస్, కార్క్ వాళ్ళ సొంత టీ, 1901 నుంచీ. రంగు చూస్తేనే మనవాళ్ళు మెచ్చుకుంటారు. పాటకోసం వచ్చానని అప్పుడు చెప్పాను. "ఇండియా నుంచా!" అని ఆశ్చర్యపోతుందనుకున్నాను. "మొన్న ఆస్ట్రేలియా నుంచి కూడా వచ్చారు" అని, మగ్గు తాగేదాకా నిలబడి తీసుకెళ్ళింది. ఈసారి బస్సు అరమైలు దూరంలో ఉండగానే రెండు చేతులూ ఎత్తేశాను.

అయిదో రోజు, దారిలోనే

కార్క్, లిమరిక్, ఎన్నిస్. మూడు బస్సులు, చాలా ఆవులు. ఎన్నిస్‌లో గంటన్నర దొరికితే విజిల్ కొన్నాను. అమ్మినాయన మొత్తం ఆరు రంధ్రాలూ మూసి ఊదమన్నాడు. నేను ఊదిన శబ్దానికి బయట కుక్క మొరిగింది. "మొదట్లో అందరికీ కుక్కే శ్రోత" అన్నాడు.

ఆరో రోజు, డూలిన్

సముద్రం ఒడ్డున చెదురుమదురుగా ఇళ్ళు, రాతి గోడలు, దూరంగా ఆరన్ దీవులు. రూముకి 95 యూరోలు, అంటే తొమ్మిదివేల ఏడువందల దాకా. ఆలోచిస్తే నిద్ర పట్టదని లెక్క మానేశాను. పగలు మోహెర్ కొండ అంచులు చూశాను. 214 మీటర్ల నిట్టనిలువు గోడలు, మంచులో సగమే కనపడ్డాయి. ఫొటోల్లో ఇంకా బాగుంటాయి.

ఈ పల్లెకి పేరు తెచ్చింది మైకో రసెల్ అనే రైతు. విజిల్ వాయించేవాడు, 1994లో పోయాడు. ఒకో బాణీకి ముందు అది ఎవరి దగ్గర నేర్చుకున్నాడో కథ చెప్పేవాడట. ఇక్కడ బాణీలకి పేర్లు అలాగే వస్తాయి. కట్టినవాడి పేరు కాదు, ఎవరి దగ్గర పట్టుకున్నారో వాళ్ళ పేరు. లేదంటే ఆ రాత్రి జరిగిన ఏదో తమాషా పేరు.

రాత్రి పబ్బులో పదిమంది సెషన్. డెబ్భై దాటిన ఫిడేలు తాత ఒకాయన, మిగిలిన వాళ్ళలో సగం మంది పాతికలోపు. ఎప్పట్లాగే కెటిల్ తెప్పించుకుని గోడ పక్కన కూర్చున్నాను, తొడ మీద తాళం. పదకొండు దాటాక వాయిద్యాలు ఆగి పాటలు మొదలయ్యాయి. పాడినవాళ్ళు తర్వాత ఎవరు పాడాలో పేరు చెబుతారు, కాదనకూడదు. అది ఇక్కడి మర్యాద. ఒకమ్మాయి ఐరిష్‌లో పాడి, ఒక కుర్రాడి వంక చూపించింది. వాడు కిల్లా పాట అందుకున్నాడు. గిటారు లేదు, బాంజో లేదు, ఒట్టి గొంతు, సగం వేగం. స్టేడియం చొక్కా విప్పేస్తే లోపల మనిషి ఇంత బక్కగా, ఇంత అందంగా ఉంటాడని అనుకోలేదు. గదిలో గ్లాసు చప్పుడు కూడా లేదు. పాడటం అయ్యాక వాడు నేరుగా నన్ను చూశాడు. "తాళం వేస్తున్న ఆవిడ."

నేను ఫిడేలు వాయిస్తానా అని తాత అడిగాడు. ఇరవై రెండేళ్ళయిందన్నాను. తన ఫిడేలు చాచాడు. మేము నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని వాయిస్తామని చెప్పాను. అందరూ నేల వంక చూశారు. బీరుతో తడిసి ఉంది. సరే, పాడమన్నారు. గొంతు తడారిపోయింది. గీతాలు, కృతులు ఒక్కటీ గుర్తు రాలేదు. ఎప్పుడో మా మాస్టారు పిల్లలకి సరదాగా నేర్పిన ముత్తుస్వామి దీక్షితుల నొట్టుస్వరం నోట్లోకి వచ్చింది. ఈస్టిండియా కంపెనీవాళ్ళ బ్యాండు వాయించే బాణీలు విని, వాటికి ఆయన సంస్కృతం మాటలు పెట్టాడు. గమకాలు లేని శంకరాభరణం, తిశ్రం.

మొదటి చుట్టు అవగానే తాత తల పక్కకి వంచాడు. రెండో చుట్టులో ఫిడేలు గడ్డం కిందికి చేరింది. మూడో చుట్టుకి నా గొంతు కింద ఫిడేలు ఉంది. నాలుగో దానికి విజిల్, కాన్సర్టీనా కలిశాయి. నేను ఆపేశాను. వాళ్ళు ఆపలేదు. వేగం పెంచి, మూలల్లో చిన్న చిన్న తిప్పులు పెట్టి, దాన్ని నిఖార్సయిన జిగ్ చేసి, అక్కడినుంచి వాళ్ళకి తెలిసిన ఇంకో జిగ్‌లోకి దూకారు. మా మాస్టారు వింటే చెవులు మూసుకునేవారో, తాళం వేసేవారో తెలియదు. నేను మాత్రం కెటిల్ మూత పట్టుకుని కూర్చున్నాను.

అయ్యాక ఎక్కడిదని తాత అడిగాడు. ముత్తుస్వామి దీక్షితులు అని నిదానంగా, విడదీసి చెప్పాను. ఆయన నోట్లో అది నా 'కిల్లీగ్' కంటే ఘోరమైంది. మూడుసార్లు ప్రయత్నించి వదిలేశాడు. బీరు గ్లాసు కింద పెట్టే అట్టముక్క తిప్పి దానిమీద ఏదో రాసుకుని ఫిడేలు పెట్టెలో పెట్టాడు. ఏం రాశారని చూశాను.

'టీ తాగే ఆవిడ జిగ్.'